వీసా రూల్స్ ఇలా మారుతుంటే ప్లాటు తాకట్టు పెట్టొచ్చా?

ప్రశ్న: నేను ఖమ్మం జిల్లాలో ప్రభుత్వ టీచర్‌ని. సర్వీసు ఇంకో ఏడేళ్లుంది. మా అబ్బాయి సీఎస్‌ఈ పూర్తిచేసి హైదరాబాద్‌లో ఏడాదికి ఆరున్నర లక్షల జీతానికి పనిచేస్తున్నాడు. టెక్సాస్‌లో ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో ఎంఎస్ సీటు వచ్చింది. మొత్తం ఖర్చు 45 లక్షలు. మా ప్లాటు తాకట్టు మీద 40 లక్షల లోన్ ఇస్తామంటున్నారు. ఇంతలో లక్ష డాలర్ల ఫీజు, లాటరీలో మార్పు అంటూ రోజుకో వార్త. డాలస్‌లో ఉన్న మా బావమరిది మాత్రం ‘మనవాళ్లు లేకపోతే అమెరికాకి గడవదు. రెండేళ్లలో అన్నీ సడలిస్తారు, పంపించెయ్ బావా’ అంటున్నాడు. అక్కడి నుంచి డబ్బు పంపితే దాని మీద కూడా పన్ను వేస్తారట కదా అని మా ఆవిడ భయం. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

సమాధానం: మాస్టారూ, ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. మీ అబ్బాయిని పంపొచ్చు. కానీ 40 లక్షలు అప్పు చేసి మాత్రం పంపకండి. పాతిక లక్షల లోపు అప్పుతో పనయ్యే దారి దొరికితే ఈ ఏడాదే వెళ్లనివ్వండి. దొరక్కపోతే అడ్మిషన్‌ను వాయిదా వేయమని యూనివర్సిటీని అడిగి, ఇంకో ఏడాది ఉద్యోగం చేయనివ్వండి. ఆ పాతిక అన్న అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

అందరినీ భయపెట్టిన లక్ష డాలర్ల సంగతి మొదట తేల్చేద్దాం. 2025 సెప్టెంబరు 19, శుక్రవారం నాడు విదేశాల నుంచి మనిషిని హెచ్‌-1బీ అనే ఉద్యోగ వీసా మీద తీసుకెళ్లాలంటే కంపెనీ లక్ష డాలర్లు కట్టాలన్న ప్రకటన మీద అధ్యక్షుడు ట్రంప్ సంతకం చేశారు. ఆదివారానికల్లా అమల్లోకి వచ్చేసింది. మధ్యలో ఉన్న ఆ ఒక్క శనివారం, సెలవు మీద ఇండియా వచ్చినవాళ్లను ఉన్నపళంగా వెనక్కి రమ్మని పెద్ద కంపెనీలు మెయిళ్లు పంపాయి. తర్వాత గానీ వివరణ రాలేదు. ఇప్పటికే హెచ్‌-1బీ ఉన్నవాళ్లకు ఈ ఫీజు లేదు. అక్టోబరు 20న అమెరికా ఇమిగ్రేషన్ విభాగం మరో మాట కూడా చెప్పింది. అమెరికాలోనే చదువుకుని, అక్కడే ఉండి స్టూడెంట్ వీసా నుంచి హెచ్‌-1బీకి మారేవాళ్లకు ఈ ఫీజు వర్తించదు. దరఖాస్తు నడుస్తుండగా దేశం దాటి వెళ్తే మాత్రం వర్తిస్తుంది. అంటే అక్కచెల్లెళ్ల పెళ్లయినా సరే, ఆ కొన్ని నెలలు కదలకూడదు.

ఇందులో ఒక తమాషా ఉంది. లక్ష డాలర్లు కట్టి హైదరాబాద్ నుంచి మనిషిని తీసుకెళ్లడం కన్నా, అక్కడే డిగ్రీ పూర్తిచేసిన కుర్రాణ్ని తీసుకోవడం కంపెనీకి చవక. కాబట్టి ఈ ప్రకటన లెక్కప్రకారం మీ అబ్బాయిలాంటి వాళ్లకు కలిసిరావాలి. కానీ ఆ కలిసొచ్చినదాన్ని లాటరీ మార్పు తినేసింది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

అసలు మీరు చూడాల్సింది ఏ రూలు ఎంత గట్టిది అన్నది. మీరు టీచరు కాబట్టి బడి భాషలోనే చెబుతాను. అమెరికా కాంగ్రెస్ చేసే చట్టం సిలబస్ లాంటిది, మారాలంటే ఏళ్లు పడుతుంది. ప్రభుత్వ శాఖలు రాసే నిబంధనలు టైమ్‌టేబుల్ లాంటివి, ఏడాది రెండేళ్లలో మార్చేయొచ్చు. అధ్యక్షుడి ప్రకటన హెడ్మాస్టరు పొద్దున్నే బోర్డు మీద రాసే నోటీసు.

హెచ్‌-1బీ సంఖ్య చట్టంలో ఉంది. ఏడాదికి 65,000, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు అదనంగా 20,000. ఐటీ విజృంభణ రోజుల్లో దాన్ని 1,95,000 దాకా పెంచారు. 2004లో మళ్లీ 65,000కి దిగింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లుగా కంపెనీలు ఎంత మొత్తుకున్నా, మాస్టర్స్ వాళ్లకిచ్చిన ఆ 20,000 తప్ప, అంకె కదల్లేదు. ఒక్కో దేశానికి 7 శాతానికి మించి గ్రీన్‌కార్డులు ఇవ్వకూడదన్నదీ చట్టమే. అందుకే మాస్టర్స్ చేసినవాళ్లు ఎక్కువగా వెళ్లే ఈబీ-2 అనే గ్రీన్‌కార్డు కేటగిరీలో మనవాళ్ల వరుస 2026 మొదట్లో కూడా 2013లో దరఖాస్తు పెట్టినవాళ్ల దగ్గరే నడిచింది. గ్రీన్‌కార్డు ఊసు మీరిప్పుడు ఎత్తకండి, ఆ చింత మీ అబ్బాయికి ముప్పై ఐదేళ్లు వచ్చాక.

మీ లోన్ మొత్తం ఆధారపడింది ఓపీటీ మీద. చదువయ్యాక పని చేసుకోవడానికి ఇచ్చే ఏడాది, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) కోర్సు అయితే ఇంకో 24 నెలలు, మొత్తం మూడేళ్లు. ఆ మూడేళ్ల డాలర్ల మీదే మన ఊళ్లలో ఇన్ని ప్లాట్లు తాకట్టులో ఉన్నాయి. అయితే ఆ మూడేళ్ల హామీ ఏ చట్టంలోనూ రాసి లేదు. అది టైమ్‌టేబుల్ మాత్రమే. స్టెమ్ పొడిగింపు 2008లో 17 నెలలుగా మొదలైంది. ప్రజాభిప్రాయం తీసుకోకుండా హడావుడిగా తెచ్చారని 2015లో ఒక ఫెడరల్ కోర్టు దాన్ని కొట్టేసింది. 2016లో 24 నెలలుగా మళ్లీ రాశారు. దాని మీదా కేసు నడిచింది. 2022లో అప్పీలు కోర్టు సమర్థించింది, మరుసటి ఏడాది సుప్రీంకోర్టు జోక్యం చేసుకోనంది. ఇప్పుడు ఇమిగ్రేషన్ విభాగానికి డైరెక్టరుగా ఉన్న జోసెఫ్ ఎడ్లో, 2025 మేలో సెనేట్ ముందు హాజరైనప్పుడు, చదువు ముగిశాక విద్యార్థులకు పని అనుమతి తీసేయాలన్నది తన ఉద్దేశమని దాపరికం లేకుండా చెప్పారు. అలా జరిగి తీరుతుందని నేననడం లేదు. నిబంధన మార్చాలంటే ముసాయిదా ప్రచురించాలి, అభ్యంతరాలు వినాలి, కోర్టుల్లో నిలబడాలి. కానీ మీవాడు 2028లో పట్టా పుచ్చుకునేసరికి ఆ మూడేళ్లు అలాగే ఉంటాయని పందెం కాయడానికి మీ ప్లాటు పెద్ద మొత్తమే.

ఓపీటీ మీద అక్కడివాళ్ల కోపంలో కొంత న్యాయం ఉంది, అదీ తెలుసుకోండి. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లకు మొదటి ఐదేళ్లు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్ను, అంటే అక్కడి పెన్షన్‌కీ వృద్ధుల వైద్యానికీ జీతంలోంచి కోసేది, ఉండదు. ఉద్యోగి 7.65 శాతం, కంపెనీ 7.65 శాతం కట్టాల్సినది ఇద్దరికీ మిగులుతుంది. 80,000 డాలర్ల జీతానికి కంపెనీకి ఏడాదికి 6,120 డాలర్లు ఆదా. ‘మా పిల్లల కన్నా మీ పిల్లలు చవకగా దొరికేలా మా ప్రభుత్వమే చేస్తోంది’ అని ఒక అమెరికన్ తండ్రి అంటే, ఆయన్ను తప్పు పట్టలేం. ఆయనా మీలాగే కాలేజీ అప్పు తీరుస్తూ ఉండొచ్చు.

ఇక లాటరీ. హెచ్‌-1బీ అడిగేవాళ్లు ఉన్న వీసాల కన్నా చాలా ఎక్కువ కాబట్టి, ఎవరికివ్వాలో చీటీలు తీసి తేలుస్తారు. ఇదివరకు అందరి చీటీ ఒక్కటే. 2026 మార్చి నుంచి జీతాన్ని బట్టి చీటీలు. ఒకే ప్రాంతంలో ఒకే పనికి ఇచ్చే జీతాలను నాలుగు లెవల్స్‌గా కట్టారు. నాలుగో లెవల్ వాళ్ల పేరు నాలుగుసార్లు, మొదటి లెవల్ వాళ్ల పేరు ఒక్కసారే పడుతుంది. దీనివల్ల మొదటి లెవల్ వాళ్ల అవకాశం సుమారు 15 శాతానికి పడిపోతుందని, అంటే పాత పద్ధతిలో సగానికి వస్తుందని, ఈ రూలు రాసిన హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ శాఖే అంచనా కట్టింది. రెండో లెవల్‌కి 30 శాతం చిల్లర, నాలుగో లెవల్‌కి 61. కొత్తగా చేరే కుర్రాడి జీతం ఎక్కువగా మొదటి లెవల్‌లో, బాగుంటే రెండో లెవల్‌లో పడుతుంది. మూడేళ్ల ఓపీటీలో మూడుసార్లు లాటరీలో పేరు వేయించుకున్నాడనుకుందాం. ఇవే శాతాలు కొనసాగితే మొదటి లెవల్‌లో ఉన్నవాడికి మూడింటిలో ఒక్కసారైనా తగిలే అవకాశం నూటికి 39. రెండో లెవల్‌లో ఉంటే నూటికి 66. అందుకే ఎక్కడ చదివాడన్నదానికన్నా మొదటి ఉద్యోగం ఏ లెవల్‌లో వచ్చిందన్నది ఇప్పుడు ముఖ్యమైపోయింది. రెండేళ్ల అనుభవంతో వెళ్లేవాడికీ, బీటెక్ అవగానే వెళ్లేవాడికీ ఇక్కడే తేడా వస్తుంది. ఇంకో ఏడాది పనిచేయనివ్వండి అని నేనన్నది ఇందుకే.

ఇప్పుడు మీ లెక్క. 40 లక్షలు విడతలుగా తీసుకుని, 10.5 శాతం వడ్డీ చొప్పున చదువు, ఆ తర్వాతి ఆరు నెలలు కలుపుకుంటే, కట్టడం మొదలయ్యేసరికి బాకీ 48 లక్షల దగ్గరికి చేరుతుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 65,000. ఓపీటీ మూడేళ్లలోనే తీర్చేయాలంటే నెలకు 1,56,000, డాలరు 90 రూపాయల లెక్కన 1,730 డాలర్లు. వెంటనే ఉద్యోగం వచ్చి, మూడేళ్లూ పోకుండా ఉంటే ఇది సాధ్యమే, చాలామంది చేశారు కూడా. మీ బావమరిది గారికి కనిపించేది వాళ్లే.

రెండో దృశ్యం చూడండి. ఉద్యోగం దొరక్క, లేదా లాటరీ తగలక, వెనక్కి వచ్చాడు. హైదరాబాద్‌లో ఏడాదికి పది లక్షల ఉద్యోగం దొరికింది. చేతికొచ్చేది నెలకు 75,000 అటూఇటూ. అందులో 65,000 ఈఎంఐకి పోతే వాడు తినేదేంటి, ఉండేదెక్కడ? మీ జీతంలోంచి మీరు కడతారు. ఏడేళ్ల తర్వాత పెన్షన్‌లోంచి కడతారు. అదే పాతిక లక్షల బాకీ అయితే పదేళ్ల ఈఎంఐ సుమారు 34,000. కష్టమే కానీ, హైదరాబాద్ జీతంతో వాడే కట్టుకోగలడు. నా అంకె అక్కడి నుంచి వచ్చింది. వెనక్కి వచ్చినా తీర్చగలిగినంతే అప్పు. వడ్డీ కూడా కలిసే లెక్క కాబట్టి, నిజానికి మీరు తీసుకునేది ఇరవై ఒకటి దాటకపోతే ఇంకా మంచిది.

ఒక్క జాగ్రత్త. ‘పార్ట్‌టైమ్ చేసి ఖర్చులు తీసుకుంటాడులే’ అన్న మాటను లెక్కలోంచి పూర్తిగా తీసేయండి. క్లాసులు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలు మాత్రమే సక్రమం. బయట పెట్రోలు బంకుల్లో, ఇండియన్ హోటళ్లలో నగదుకి చేసే పని పట్టుబడితే చదువు మధ్యలోనే ఆగిపోతుంది.

మీ బావమరిది గారి వాదన దగ్గరికొద్దాం. ‘మనవాళ్లు లేకపోతే వాళ్లకి గడవదు’ అన్న మాట అమెరికాలో ఇదివరకు కాలిఫోర్నియా టమోటా రైతులు అన్నారు. 1942 నుంచి మెక్సికో కూలీలను తెచ్చుకునే బ్రాసెరో అనే ఒప్పందం ఉండేది. 1964 చివర దాన్ని ఆపేశారు. కూలీలు లేక పంటలు కుళ్లిపోతాయన్నారు రైతులు, అమెరికన్ కూలీల జీతాలు పెరుగుతాయంది ప్రభుత్వం. రెండూ జరగలేదు. మైఖేల్ క్లెమెన్స్, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు ఆనాటి లెక్కలన్నీ తిరగేస్తే, స్థానిక కూలీల జీతాల్లో చెప్పుకోదగ్గ పెరుగుదల కనిపించలేదు. టమోటా కోసే యంత్రం సిద్ధంగా ఉంది, రైతులు అది కొన్నారు. యంత్రం లేని పంటలను తగ్గించుకున్నారు. గడవదు అనుకున్నది ఇంకోలా గడిచింది. మొదటి లెవల్ కోడింగ్ పని చేసే ఏఐ అనే యంత్రం ఇప్పుడు ఎవరి కంప్యూటర్లో చూసినా ఉంది కాబట్టి, ఈ కథ మీవాడు కూడా వినాలి.

ఐటీలోనే జరిగిన అధ్యయనం ఒకటుంది. జాన్ బౌండ్, గౌరవ్ ఖన్నా, నికొలాస్ మొరాలెస్ 1990ల నాటి లెక్క తీశారు. విదేశీ నిపుణులను 1994 నాటి స్థాయి దగ్గరే ఆపేసి ఉంటే, 2001లో అమెరికన్ కంప్యూటర్ ఉద్యోగుల జీతాలు 2.6 నుంచి 5.1 శాతం దాకా ఎక్కువ ఉండేవని తేలింది. అదే అధ్యయనంలో కంపెనీల లాభాలు పెరిగాయని, ఐటీ సరుకు ధరలు తగ్గి కొనేవాళ్లు బాగుపడ్డారని కూడా ఉంది. మొత్తం మీద దేశానికి లాభమే. కానీ ఆ లాభం కోట్లమందికి తలా పిసరంత దక్కింది. నష్టం మాత్రం కొద్దిమందికి కళ్లముందు కనపడింది. ఓట్లు అడిగేవాడు ఎవరి మాట వింటాడో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆర్థిక అవసరం ఉంటే రూలు మారుతుందనుకోవడం వల్లే మనవాళ్లు ఇన్నిసార్లు దెబ్బతిన్నారు. అమెరికా నష్టపోతే అది పదేళ్లకు తెలుస్తుంది. మీ ఈఎంఐ ప్రతి నెలా ఐదో తారీఖున తెలుస్తుంది.

నష్టమైతే ఉంది. 2024-25లో విదేశీ విద్యార్థుల వల్ల అమెరికా ఆర్థిక వ్యవస్థకు వచ్చింది దాదాపు 43 బిలియన్ డాలర్లని అక్కడి విద్యా సంఘాల అంచనా. 2025 ఆగస్టు-సెప్టెంబరు సెమిస్టరులో కొత్తగా చేరిన విదేశీ విద్యార్థులు 17 శాతం తగ్గారు. మాస్టర్స్ సీట్లు మనవాళ్లతో నింపుకుని నడిచే యూనివర్సిటీలకు ఇది గట్టి దెబ్బ. ఇది మీకు పనికొచ్చే విషయం. సీట్లు మిగిలిపోతున్న ఏడాదిలో బేరం మీ వైపు ఉంటుంది. టెక్సాస్‌లో ఇంకో వెసులుబాటు ఉంది. ప్రభుత్వ యూనివర్సిటీ పోటీ మీద ఇచ్చే స్కాలర్‌షిప్ కనీసం 1,000 డాలర్లది వస్తే, బయటి విద్యార్థి కూడా ఆ రాష్ట్రం పిల్లలతో సమానంగా తక్కువ ఫీజు కట్టే వీలుంది. ప్రొఫెసర్ దగ్గర టీచింగ్ లేదా రీసెర్చ్ అసిస్టెంట్‌గా చేరినా అలాంటి రాయితీ దొరుకుతుంది. ఈ ఒక్కదానితో మీ 45 లక్షల్లో పది లక్షల పైన తగ్గినా ఆశ్చర్యం లేదు. ఇవాళే మీ అబ్బాయిని డిపార్ట్‌మెంట్‌కి మెయిల్ రాయమనండి. కన్సల్టెన్సీ ద్వారా వద్దు, వాడే రాయాలి.

హైదరాబాద్ సంగతి కూడా తూకంలో వేయండి. బ్రిట్టా గ్లెనన్ అనే ఆర్థికవేత్త 2004లో వీసాల సంఖ్య తగ్గాక అంతర్జాతీయ కంపెనీలు ఏం చేశాయో చూశారు. అవి అమెరికన్లను తీసుకోవడంతో సరిపెట్టుకోలేదు, కెనడాలో, ఇండియాలో, చైనాలో ఆఫీసులు పెంచాయి. ఇప్పుడు గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వైపు వెళ్తే కనిపించే గ్లోబల్ సెంటర్లలో కొంత భాగం ఆ నిబంధనల పుణ్యమే. 2024 నాటికి దేశంలో ఇలాంటి సెంటర్లు 1,700 దాటాయి, వాటిలో 19 లక్షల మంది పనిచేస్తున్నారు. ఆరున్నర లక్షల జీతం నుంచి ఇలాంటి ఒక సెంటర్‌కి మారడానికి మీ అబ్బాయి ఏమైనా ప్రయత్నించాడా? మీ ఉత్తరంలో ఆ మాట లేదు. వాడు వీసా కోసం చదివేంత గట్టిగా ఆర్నెల్లు ఇంటర్వ్యూల కోసం చదివితే, మనం ఇంతసేపు వేసిన లెక్కంతా మారిపోవచ్చు. అమెరికా జీతంతో దీన్ని పోల్చలేమన్నది నిజమే. అయితే ఇక్కడ 48 లక్షల బాకీతో మొదలుపెట్టడు కదా.

వెళ్లడానికే నిశ్చయించుకుంటే రెండు మూడు చూసుకోండి. యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 అనే అడ్మిషన్ పత్రంలో కోర్సు కోడ్ స్టెమ్ జాబితాలో ఉందో లేదో చూడాలి. బిజినెస్ అనలిటిక్స్ లాంటి కోర్సుల్లో ఒక యూనివర్సిటీలో ఉంటుంది, పక్కదానిలో ఉండదు. మొదటి ఏడాది ఓపీటీలో మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. ఆ గడువు తరుముకొస్తున్నప్పుడే ‘డబ్బు కట్టు, మా పేరు మీద చూపిస్తాం’ అనే కన్సల్టెన్సీలు తగులుకుంటాయి. హెచ్‌-1బీ దరఖాస్తు ఫీజులు చట్టప్రకారం కంపెనీయే పెట్టుకోవాలి. పిల్లల దగ్గర వసూలు చేసేవాడు మొదటి రోజే అబద్ధం ఆడుతున్నాడని అర్థం. యూనివర్సిటీలు, లాభాపేక్ష లేని పరిశోధన సంస్థల ఉద్యోగాలకు లాటరీ అక్కర్లేదన్నది చాలామంది మరచిపోతారు. జీతం తక్కువే, కానీ నిలబడే దారి. లోన్ ఫ్లోటింగ్ రేటు మీద, అంటే మారుతూ ఉండే వడ్డీ మీద, తీసుకోండి, ముందే తీర్చినా జరిమానా పడదు.

మీ శ్రీమతి గారి భయానికి జవాబు తేలిక. 2026 జనవరి 1 నుంచి అమెరికా వేస్తున్నది ఒక్క శాతం పన్ను. అది నగదు, మనీ ఆర్డరు, క్యాషియర్ చెక్కు ఇచ్చి పంపే డబ్బు మీదే. మొదట ముసాయిదాలో 5 శాతం అన్నారు, తర్వాత మూడున్నర, చివరికి ఇక్కడ ఆగింది. మీ అబ్బాయి అక్కడి బ్యాంకు ఖాతా నుంచి పంపితే ఆ ఒక్క శాతం కూడా ఉండదు.